కరిగిన పాలిమర్ ప్రవాహం: కాగితం మీది లెక్క నుంచి విస్కోఎలాస్టిక్ సాల్వర్ దాకా

నీటికీ గాలికీ రాసిన సీఎఫ్‌డీ (కంప్యూటర్‌తో ప్రవాహాల లెక్క) పాఠాలు చదువుకుని నేరుగా పాలిమర్ మెల్ట్ (కరిగిన ప్లాస్టిక్) మీదికి వస్తే ఆ అలవాట్లు చాలావరకు పనికిరావు. అక్కడ పెద్ద తలనొప్పి టర్బులెన్స్. ఇక్కడ అది లేనే లేదు. స్నిగ్ధత షియర్‌ను (పొరలు ఒకదాని మీద ఒకటి జారడాన్ని) బట్టి మారిపోవడం, రాపిడికి ద్రవం తనంతట తానే వేడెక్కడం, కాసేపటి కిందట పడ్డ సాగుడు ద్రవానికి ఇంకా గుర్తుండడం అక్కడ పట్టించుకోని సంగతులు, ఇక్కడ అసలు కథంతా అవే. నీటి స్నిగ్ధత 0.001 పాస్కల్ సెకను. కరిగిన పాలిఎథిలీన్ నెమ్మదిగా కదిలేటప్పుడు వేలల్లోనో పదివేలల్లోనో ఉంటుంది. డైలో (మెల్ట్‌కు ఆకారమిచ్చే లోహపు దారిలో) వేగంగా తోసేసరికి అదే మెల్ట్ స్నిగ్ధత వందల్లోకి పడిపోతుంది.

ఫైనైట్ ఎలిమెంట్ గానీ ఫైనైట్ వాల్యూమ్ గానీ (ప్రవాహాన్ని చిన్న ముక్కలు చేసి లెక్కించే పద్ధతులు) ఒక మోస్తరుగా తెలిసి, మొదటిసారి మెల్ట్ లెక్కకు కూర్చునేవారి కోసం ఇది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: అవసరానికి మించిన మోడల్ ఎంచుకోవడంలో వృథా అయ్యే కాలం, సాల్వర్‌లోని లోపాల వల్ల వృథా అయ్యే కాలం కన్నా చాలా ఎక్కువ. అందుకే సాల్వర్ తెరిచే ముందు చేయాల్సిన పనులకు ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

1. ఏం తెలుసుకోవాలో తేల్చుకోండి

"ప్రవాహం ఎలా ఉంటుందో చూడాలి" అన్నది ప్రశ్న కాదు. డైలో పీడనం ఎంత పడిపోతుంది, వెడల్పంతా మెల్ట్ సమంగా బయటికొస్తుందా, ఎక్కడ ఎంత వేడెక్కుతుంది, ఎక్కడ నిలిచిపోయి మాడిపోతుంది, ఇలాంటివి ప్రశ్నలు. వీటికి స్నిగ్ధత షియర్ రేటు మీదా ఉష్ణోగ్రత మీదా ఆధారపడే సాధారణీకృత న్యూటోనియన్ మోడల్ చాలు. మెల్ట్‌కు సాగే గుణం ఉన్నా ఈ జవాబులు పెద్దగా మారవు.

డై బయట మెల్ట్ ఎంత ఉబ్బుతుంది, ఇరుకు దారి ముందు మూలల్లో సుడులు ఎంత పెద్దవి, దారంగానో ఫిల్మ్‌గానో లాగితే ఎక్కడ సన్నబడుతుంది, చల్లారాక లోపల ఎంత ఓరియెంటేషన్ (గొలుసులు ఒకే వైపు తిరిగి ఉండడం) మిగులుతుంది అని అడిగితే మాత్రం ఆ మోడల్ పనికిరాదు. వీటికి విస్కోఎలాస్టిక్ మోడల్ (ద్రవంలా పారే గుణాన్నీ, రబ్బరులా సాగే గుణాన్నీ కలిపి లెక్కించేది) కావాలి. మధ్యరకం ప్రశ్న ఒకటుంది: వెడల్పాటి దారి హఠాత్తుగా ఇరుకైన చోట పడే ప్రవేశ పీడన నష్టం. ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిఎథిలీన్) లాంటి కొమ్మల గొలుసులున్న పాలిమర్లలో సాగుడు నిరోధకత ఎక్కువ కాబట్టి, సాధారణీకృత న్యూటోనియన్ మోడల్ ఈ నష్టాన్ని తక్కువగా చూపిస్తుంది. పొడవాటి డైలో అది మొత్తం పీడనంలో చిన్న భాగం. పొట్టి డైలో అదే సింహభాగం కావచ్చు.

2. ముందు కాగితం మీద లెక్క వేయండి

ఒక గుండ్రటి రంధ్రం తీసుకుందాం: వ్యాసార్ధం 2 మి.మీ., పొడవు 40 మి.మీ., సెకనుకు 5 ఘన సెం.మీ. ప్రవాహం. మెల్ట్ ఎల్‌డీపీఈని పోలిన ఊహా పదార్థం. పవర్ లా (స్ట్రెస్ షియర్ రేటు ఘాతంతో పెరుగుతుందనే నియమం) ఘాతాంకం 0.4, కన్సిస్టెన్సీ గుణకం ఎస్‌ఐ ప్రమాణాల్లో 10,000, సాంద్రత ఘన మీటరుకు 760 కిలోలు, విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 2,400 జౌళ్లు, ఉష్ణ వాహకత మీటరుకు, డిగ్రీకి 0.25 వాట్లు అనుకుందాం. ఈ మార్గదర్శి పొడవునా ఇదే ఉదాహరణ.

గోడ దగ్గర పైపై షియర్ రేటు అంటే ప్రవాహాన్ని నాలుగుతో గుణించి, π విలువ, వ్యాసార్ధం ఘనం రెండింటి లబ్ధంతో భాగిస్తే వచ్చేది. ఇక్కడ సెకనుకు దాదాపు 796. రాబినోవిచ్ సవరణ, అంటే ఘాతాంకానికి మూడు రెట్లకు ఒకటి కలిపి నాలుగు రెట్ల ఘాతాంకంతో భాగించేది, 1.375 వస్తుంది. కాబట్టి అసలు షియర్ రేటు సుమారు 1,094. దాన్ని 0.4 ఘాతానికి ఎత్తి 10,000తో గుణిస్తే గోడ మీది షియర్ స్ట్రెస్ 164 కిలోపాస్కల్. పొడవును రెట్టింపు చేసి వ్యాసార్ధంతో భాగిస్తే 40, దాన్ని స్ట్రెస్‌తో గుణిస్తే పీడన నష్టం 6.6 మెగాపాస్కల్. రేపు సాల్వర్ ఇచ్చే సంఖ్య దీనికి ఒకటి రెండు శాతం లోపల లేకపోతే తప్పు సాల్వర్‌దో, మెష్‌దో, మీరిచ్చిన ఇన్‌పుట్‌దో వెతకాలి.

వేగం కూడా చూడండి. సగటు వేగం సెకనుకు 0.4 మీ. మధ్య వేగానికీ సగటుకూ నిష్పత్తి ఈ ఘాతాంకానికి 1.57 (న్యూటోనియన్ ద్రవానికి 2). అంటే మధ్యలో 0.63 మీ. వేగం రావాలి.

ఇక మూడు సంఖ్యలు. గోడ దగ్గరి స్నిగ్ధత 150 పాస్కల్ సెకన్లు కాబట్టి రేనాల్డ్స్ సంఖ్య (జడత్వానికీ స్నిగ్ధతకూ నిష్పత్తి) 0.008. జడత్వ పదాన్ని నిర్భయంగా తీసేయొచ్చు. థర్మల్ డిఫ్యూజివిటీ సెకనుకు 0.14 చదరపు మి.మీ. మాత్రమే కాబట్టి పెక్లెట్ సంఖ్య 11,000 పైచిలుకు. వేడి పక్కలకు పాకే లోపే మెల్ట్ దాన్ని మోసుకుని బయటికి వెళ్లిపోతుంది. మూడోది, పీడన నష్టమంతా వేడిగా మారితే మెల్ట్ సగటున ఎంత వేడెక్కుతుంది? 6.6 మెగాపాస్కల్‌ను సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగిస్తే 3.6 డిగ్రీలు.

ఈ 3.6 చూసి ఉష్ణోగ్రతను వదిలేయాలని అనిపిస్తుంది. వదలకండి. ఆ వేడంతా సమంగా పరచుకోదు, షియర్ ఎక్కువున్న గోడ పక్కనే పుడుతుంది. డిఫ్యూజివిటీని పొడవుతో గుణించి గోడ షియర్ రేటుతో భాగించి ఘనమూలం తీస్తే 0.17 మి.మీ. వస్తుంది. అదీ గోడ పక్కన ఉష్ణ పొర మందపు స్థాయి. ఆ పొరలో పెరుగుదల పది డిగ్రీల స్థాయిలో ఉంటుంది. 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర, యాక్టివేషన్ శక్తి మోల్‌కు 50 కిలోజౌళ్లు అయితే పది డిగ్రీలకు జీరో షియర్ స్నిగ్ధత నాలుగో వంతు పడిపోతుంది. పవర్ లా ప్రాంతంలో, అదే షియర్ రేటు దగ్గర, తగ్గుదల పది శాతం.

3. మెటీరియల్ డేటా: లోపాలు పుట్టేది ఇక్కడే

కాపిలరీ రియోమీటర్ (సన్నటి గొట్టంలోంచి తోసి స్నిగ్ధత కొలిచే పరికరం) నుంచి వచ్చిన కర్వ్ చేతికిస్తే మొదట అడగాల్సినవి రెండు. బాగ్లీ సవరణ చేశారా? రాబినోవిచ్ సవరణ చేశారా? మొదటిది చేయకపోతే ప్రవేశ నష్టం స్నిగ్ధతలో కలిసిపోయి ఉంటుంది, రెండోది చేయకపోతే షియర్ రేటే తప్పు. తక్కువ షియర్ రేట్లకు ఆసిలేటరీ రియోమీటర్ కొలతలు వాడి, కాక్స్–మెర్ట్జ్ నియమంతో (ఊపి కొలిచిన స్నిగ్ధతా స్థిర షియర్‌లో కొలిచిన స్నిగ్ధతా ఒకటేననేది) కాపిలరీ కర్వ్‌కు అతకడం మామూలే. ఫిల్లర్లు లేని మామూలు మెల్ట్‌లకు అది బాగానే పనిచేస్తుంది. ఫైబర్లో ఖనిజ పొడో కలిసిన వాటికి ఆ నియమాన్ని నమ్మొద్దు.

కాగితం లెక్కకు పవర్ లా హాయిగా ఉంటుంది గానీ సాల్వర్‌లోకి దాన్ని అలాగే పంపకండి. రంధ్రం మధ్యలో షియర్ రేటు సున్నా, అక్కడ పవర్ లా స్నిగ్ధత అనంతం. కారో–యసుదా లేదా క్రాస్ మోడల్ వాడితే తక్కువ షియర్ దగ్గర చదునైన భాగం దానంతటదే వస్తుంది. ఇంజెక్షన్ మౌల్డింగ్ ప్రోగ్రాములు ఎక్కువగా క్రాస్–డబ్ల్యూఎల్‌ఎఫ్ రూపాన్నే అడుగుతాయి (డబ్ల్యూఎల్‌ఎఫ్ అంటే విలియమ్స్–లాండెల్–ఫెర్రీ, ఉష్ణోగ్రత ప్రభావాన్ని చెప్పే సూత్రం).

ఉష్ణోగ్రతకు పాలిఎథిలీన్, పాలిప్రొపిలీన్ లాంటి వాటికి అరీనియస్ రూపం సరిపోతుంది. పాలిస్టైరీన్, పాలికార్బొనేట్ లాంటి అస్ఫటిక పాలిమర్లకు గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టి గాజులాంటి స్థితి నుంచి మెత్తబడే ఉష్ణోగ్రత) నుంచి సుమారు వంద డిగ్రీల పైదాకా డబ్ల్యూఎల్‌ఎఫ్ వాడాలి. అరీనియస్‌ను ఆ ప్రాంతంలోకి లాగితే చల్లటి గోడ పక్కన స్నిగ్ధత దారుణంగా తక్కువ వస్తుంది. ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో పీడనం వంద మెగాపాస్కల్ దాటుతుంది కాబట్టి స్నిగ్ధత పీడనంతో పెరగడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎక్స్‌ట్రూషన్‌లో సాధారణంగా అవసరం పడదు.

ఫిట్ చేశాక కర్వ్‌ను మీ ప్రవాహంలోని షియర్ రేట్ల మీద పరిచి చూడండి. కొలతలు సెకనుకు 1,000 దగ్గర ఆగిపోతే, గేటు (మౌల్డ్‌లోకి మెల్ట్ వెళ్లే సన్నటి ద్వారం) దగ్గర 50,000 ఉన్న ప్రవాహానికి ఆ ఫిట్ ఇచ్చేది ఊహ మాత్రమే. ఊహతో పని నడపక తప్పని రోజులుంటాయి. అప్పుడు ఘాతాంకాన్ని కాస్త అటూ ఇటూ మార్చి జవాబు ఎంత ఊగుతుందో చూసి, ఆ ఊపును ఫలితంతో పాటు రాయండి.

4. సమీకరణాలు, పద్ధతి

జడత్వం పోయాక మిగిలేవి తక్కువే: ద్రవ్యరాశి నిత్యత్వం, పీడన వాలుకూ స్ట్రెస్‌కూ మధ్య సమతుల్యం, ఉష్ణ సమీకరణం, స్ట్రెస్‌ను వేగంతో ముడిపెట్టే కాన్‌స్టిట్యూటివ్ మోడల్. గురుత్వాకర్షణ డై లోపల లెక్కలోకి రాదు.

ఫైనైట్ ఎలిమెంట్ ఎంచుకుంటే వేగానికీ పీడనానికీ ఒకే స్థాయి పాలినామియల్స్ వాడకూడదు. ఇన్‌ఫ్–సప్ షరతు, అంటే లేడిజెన్‌స్కాయా, బబూష్కా, బ్రెజ్జీల పేరిట చెప్పేది, తప్పితే పీడనం చదరంగం గళ్లలా ఊగిసలాడుతుంది. వేగానికి క్వాడ్రాటిక్, పీడనానికి లీనియర్ ఉండే టేలర్–హుడ్ జత పాతదే అయినా నమ్మకస్థురాలు. ఫైనైట్ వాల్యూమ్‌లో ఇదే జబ్బుకు మందు రీ–చౌ ఇంటర్పొలేషన్. ఓపెన్‌ఫోమ్ మీద పనిచేసే రియోటూల్‌లో విస్కోఎలాస్టిక్ మోడళ్లు చాలావరకు సిద్ధంగా ఉన్నాయి, ఉచితం కూడా. సుడులు, 3డి డైలు, పెద్ద మెష్‌లు అయితే ఫైనైట్ వాల్యూమ్ వైపు, ఫ్రీ సర్ఫేస్‌తో ఉబ్బు, ఫైబర్ స్పిన్నింగ్ అయితే ఫైనైట్ ఎలిమెంట్ వైపు నేను మొగ్గుతాను. చేయి తిరిగిన పద్ధతి ఏదైనా పర్వాలేదు.

పలుచటి గోడలున్న మౌల్డ్ నింపడం వేరే సంగతి. మందం 2 మి.మీ., పొడవు కొన్ని వందల మి.మీ. ఉన్నప్పుడు మందం దిశలో పీడనం మారదని తీసుకునే హీలే–షా ఉజ్జాయింపు లెక్కను ఎంతో తేలిక చేస్తుంది. హీబర్, షెన్ 1980లో పాలిమర్ ఫిల్లింగ్‌కు దీన్ని ఫైనైట్ ఎలిమెంట్, ఫైనైట్ డిఫరెన్స్ కలగలుపుతో రాశారు. 2.5డి అని పిలిచే ప్రోగ్రాముల వెన్నెముక ఇదే. పీడనం, నిండే క్రమం, వెల్డ్ లైన్ల (రెండు ప్రవాహాలు కలిసే గీతల) స్థానం దీనితో బాగా వస్తాయి. ప్రవాహపు ముందు అంచున మెల్ట్ మధ్యలోంచి గోడలవైపు పొర్లే ఫౌంటెన్ ఫ్లో మాత్రం దీనికి కనపడదు. ఉపరితలపు ఓరియెంటేషన్ కావాలంటే పూర్తి 3డి తప్పదు.

5. మెష్

మన ఉదాహరణలో ఉష్ణ పొర 0.17 మి.మీ. స్థాయి. అందులో కనీసం పది సెల్స్ పడాలంటే గోడ పక్క సెల్ 0.017 మి.మీ. మించకూడదు. ఆ పొర దాటాక మధ్యకు పోయేకొద్దీ 1.15–1.2 నిష్పత్తిలో పెంచుకుంటూ పోవచ్చు. ఐసోథర్మల్ (ఉష్ణోగ్రత మారని) లెక్కకు ఇంత సన్నం అక్కర్లేదు, వ్యాసార్ధంలో ఇరవై సెల్స్ చాలు.

లోపలికి పొడుచుకొచ్చే పదునైన మూలల దగ్గర స్ట్రెస్ గణితపరంగా అనంతం. న్యూటోనియన్ ద్రవానికి 270 డిగ్రీల మూల దగ్గర అది దూరం తగ్గేకొద్దీ 0.4555 ఘాతంతో పెరుగుతుంది. ఓల్డ్‌రాయిడ్–బి ద్రవానికి మూడింట రెండు వంతుల ఘాతంతో, అంటే ఇంకా వేగంగా. మెష్ సన్నబడేకొద్దీ అక్కడి గరిష్ఠ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది, ఎప్పటికీ స్థిరపడదు. దాన్ని నివేదికలో రాసి "ఇంత స్ట్రెస్ వచ్చింది" అనడం అర్థం లేని పని. అసలు డైలో మూలకు చిన్న గుండ్రం ఉంటుంది. అది కొలవగలిగితే జ్యామితిలో పెట్టండి, సమస్య సగం తీరుతుంది.

6. సరిహద్దు షరతులు

ప్రవేశం దగ్గర సమమైన వేగం ఇవ్వకుండా, పూర్తిగా అభివృద్ధి చెందిన ప్రొఫైల్ ఇవ్వండి. అది చేతిలో లేకపోతే కొంత పొడవైన దారి ముందు అతికించండి. విస్కోఎలాస్టిక్ లెక్కలో వేగంతో పాటు దానికి సరిపోయే స్ట్రెస్‌లు కూడా ప్రవేశం దగ్గర ఇవ్వాలి. వాటిని ఒకే దారిలో విడిగా లెక్కించి పెట్టుకోవడం సులువు.

మెల్ట్ గోడకు అంటుకుని ఉంటుందన్న ఊహ ప్రతిసారీ నిజం కానక్కర్లేదు. హెచ్‌డీపీఈ, ఎల్‌ఎల్‌డీపీఈ (రెండూ పాలిఎథిలీన్ రకాలే) లాంటి నిటారు గొలుసుల పాలిమర్లు గోడ స్ట్రెస్ 0.1 మెగాపాస్కల్ పరిసరాల్లో జారడం మొదలుపెడతాయి. మన ఉదాహరణలో గోడ స్ట్రెస్ 0.164. మెల్ట్ హెచ్‌డీపీఈ అయి ఉంటే జారుడు లేకుండా వేసిన లెక్క పీడనాన్ని ఎక్కువ చూపేది. జారుడు ఉందో లేదో తెలియాలంటే ఒకే పొడవు–వ్యాసం నిష్పత్తి ఉన్న వేర్వేరు వ్యాసాల కాపిలరీల్లో కొలవాలి. ఒకే స్ట్రెస్‌కు పైపై షియర్ రేటు వ్యాసంతో మారుతుంటే జారుతున్నట్టే.

గోడ ఉష్ణోగ్రత స్థిరం అన్న షరతు కూడా పరిశీలించదగ్గదే. ఉక్కు వేడిని బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి ఎక్కువసార్లు అది చెల్లుతుంది. హీటర్ దూరంగా ఉన్న మందపాటి డై అయితే లోహాన్ని కూడా లెక్కలో కలపండి.

7. నాన్‌లీనియర్ పరిష్కారం

స్నిగ్ధతను పాత వేగం నుంచి లెక్కించి, లీనియర్ సమస్యను పరిష్కరించి, మళ్లీ స్నిగ్ధత మార్చడం పికార్డ్ పద్ధతి. పీడనం ఇచ్చిన రంధ్రంలో ప్రతి ఆవృత్తికీ లోపం దాదాపు ఒకటి మైనస్ ఘాతాంకం రెట్లు అవుతుంది. ఘాతాంకం 0.4 అయితే 0.6 రెట్లు, కాబట్టి లోపం వెయ్యో వంతుకు పడిపోవాలంటే పద్నాలుగు ఆవృత్తులు. ఘాతాంకం 0.2 అయితే ముప్పై దాటుతుంది. నెమ్మదే గానీ బెడిసికొట్టదు.

న్యూటన్ పద్ధతి జవాబు దగ్గర మెరుపువేగంతో పోతుంది, దూరం నుంచి మొదలుపెడితే దారి తప్పుతుంది. కాబట్టి న్యూటోనియన్ జవాబుతో మొదలుపెట్టి, నాలుగైదు పికార్డ్ ఆవృత్తులు నడిపి, అప్పుడు న్యూటన్‌కు మారండి. అప్పటికీ మొండికేస్తే ఘాతాంకాన్ని 1, 0.8, 0.6, 0.4 అంటూ దించుతూ, ప్రతి జవాబునూ తర్వాతిదానికి ఆరంభంగా వాడండి. కన్వర్జెన్స్ చూసేటప్పుడు రెసిడ్యువల్‌తో పాటు పీడన నష్టాన్ని కూడా గమనిస్తూ ఉండండి. అది నాలుగో అంకెలో కదలడం మానేసిందంటే పని అయినట్టే.

8. ఉష్ణోగ్రత

పెక్లెట్ వేలల్లో ఉన్నప్పుడు మామూలు గలెర్కిన్ గానీ సెంట్రల్ డిఫరెన్స్ గానీ వాడితే ఉష్ణోగ్రత అలలు అలలుగా ఊగుతుంది. ప్రవేశ ఉష్ణోగ్రతకన్నా, గోడకన్నా చల్లగా ఉన్న బిందువులు కనపడతాయి. స్నిగ్ధ తాపనం వేడిని పెంచుతుందే గానీ తగ్గించదు కాబట్టి అలాంటి బిందువు ఒక్కటి కనపడినా ఆగి చూడాలి. ఫైనైట్ ఎలిమెంట్‌లో బ్రూక్స్, హ్యూస్ 1982లో ఇచ్చిన ఎస్‌యూపీజీ (ఎగువ వైపుకు ఎక్కువ బరువిచ్చే పద్ధతి) దీనికి మందు. ఫైనైట్ వాల్యూమ్‌లో లిమిటర్ ఉన్న రెండో స్థాయి అప్‌విండ్ స్కీములు వాడండి. మొదటి స్థాయి అప్‌విండ్ ఊగదు, కానీ గోడ పక్క పొరను పులిమేస్తుంది. మనం అంత కష్టపడి సన్నటి సెల్స్ పెట్టింది ఆ పొర కోసమే.

వేగం, ఉష్ణోగ్రత సమీకరణాలను ఒకదాని తర్వాత ఒకటి పరిష్కరిస్తే సాధారణంగా సరిపోతుంది. తాపనం తీవ్రంగా ఉంటే ఉష్ణోగ్రత మార్పును సగానికి తగ్గించి ముందుకు తీసుకెళ్లండి. నిలకడ పరీక్ష ఒకటుంది: బయటికి మెల్ట్ మోసుకెళ్లే వేడిలోంచి లోపలికి తెచ్చిన వేడి తీసేసి, గోడలోకి పోయినది కలిపితే, పీడన నష్టాన్ని ప్రవాహంతో గుణించిన దానికి సమానం కావాలి. మన ఉదాహరణలో ఆ లబ్ధం 33 వాట్లు. ఈ తూకం తప్పితే మిగతా రంగురంగుల బొమ్మలన్నీ చూడ్డానికి తప్ప నమ్మడానికి కాదు.

9. విస్కోఎలాస్టిక్ మోడల్ తప్పనప్పుడు

రిలాక్సేషన్ సమయాన్ని (సాగుడు స్ట్రెస్ సడలడానికి పట్టే కాలాన్ని) షియర్ రేటుతో గుణిస్తే వైసెన్‌బర్గ్ సంఖ్య. రిలాక్సేషన్ సమయం 0.1 సెకను అయినా మన రంధ్రం గోడ దగ్గర అది 109. పరిశోధనా పత్రాల్లో ఒకటి, రెండు, ఐదు దగ్గర ఆగిపోయే లెక్కలు చూసి వచ్చినవారికి ఈ సంఖ్య గుండె ఝల్లుమనిపిస్తుంది. కానీ షియర్ థిన్నింగ్ ఉన్న మోడళ్లలో అది కనిపించేంత భయంకరం కాదు.

మోడల్ ఎంపిక ముందు. ఓల్డ్‌రాయిడ్–బి 1950 నాటిది, పరీక్షలకు అందరూ వాడేది, నిజమైన మెల్ట్‌కు మాత్రం సరిపడదు. స్థిరంగా సాగదీస్తే సాగుడు రేటు, రిలాక్సేషన్ సమయాల లబ్ధం 0.5 చేరగానే అందులో స్ట్రెస్ అనంతమవుతుంది, పైగా షియర్ థిన్నింగ్ లేదు. గీసెకస్ మోడల్, ఫన్–థియెన్–టానర్ మోడల్ రెండూ మెల్ట్‌లకు మంచి ఆరంభం. కొమ్మల గొలుసుల ఎల్‌డీపీఈకి మక్లీష్, లార్సన్ 1998లో ఇచ్చిన పామ్–పామ్ కుటుంబం, నిటారు గొలుసులకు 2003లో వచ్చిన రోలీ–పాలీ బాగా నప్పుతాయి. షియర్ డేటాతో మాత్రమే ఫిట్ చేసిన మోడల్‌ను సాగుడు ప్రవాహంలో వాడొద్దు. సాగుడు స్నిగ్ధత కొలతలు లేకపోతే ముందు అవి సంపాదించండి.

నిజమైన మెల్ట్‌కు ఒక్క రిలాక్సేషన్ సమయం చాలదు. సమయం పదిరెట్లు మారే ప్రతి అంతరానికీ ఒకటి చొప్పున నాలుగు నుంచి ఆరు మోడ్‌లు (ఒక్కోదానికి ఒక్కో రిలాక్సేషన్ సమయం) మామూలు. 3డిలో ప్రతి మోడ్ ఆరు అజ్ఞాత రాశులు చేరుస్తుంది. ఐదు మోడ్‌లంటే బిందువుకు ముప్పై, వేగం పీడనం కలిపి నాలుగే. అందుకే ఒక పొదుపు పాటించండి: ఏ మోడ్‌కు రిలాక్సేషన్ సమయం, మీ ప్రవాహంలోని అత్యధిక షియర్ రేటుల లబ్ధం 0.1 కన్నా తక్కువో ఆ మోడ్‌ను ఉత్త స్నిగ్ధతగా మార్చేయండి. అజ్ఞాతాలు తగ్గుతాయి, పైగా సాల్వర్‌కు ఎంతో అవసరమైన డిఫ్యూజివ్ పదం ఒకటి సహజంగానే వస్తుంది.

ఆ పదం ఎందుకంత అవసరం? మెల్ట్‌లో సాల్వెంట్ లేదు కాబట్టి మొమెంటం సమీకరణంలో వేగానికి నేరుగా డిఫ్యూజన్ మిగలదు, అంతా స్ట్రెస్ గుండానే వస్తుంది. దీనికి గెనెట్, ఫోర్టిన్ 1995లో ఇచ్చిన డీఈవీఎస్‌ఎస్ పద్ధతి ఒక కృత్రిమ డిఫ్యూజన్‌ను ఒకవైపు కలిపి, విడిగా లెక్కించిన వేగ ప్రవణతతో మరోవైపు తీసేస్తుంది. జవాబు మారదు, సాల్వర్ కుదుటపడుతుంది. ఫైనైట్ వాల్యూమ్‌లో "రెండువైపులా డిఫ్యూజన్" అనే కిటుకు ఇలాంటిదే.

స్ట్రెస్ సమీకరణం హైపర్బోలిక్ (ప్రవాహంతో పాటు మోసుకుపోయే రకం) కాబట్టి దానికీ అప్‌విండింగ్ కావాలి. ఫైనైట్ ఎలిమెంట్‌లో ఎస్‌యూపీజీ లేదా డిస్‌కంటిన్యువస్ గలెర్కిన్, ఫైనైట్ వాల్యూమ్‌లో 2003లో ఆల్వెస్, ఒలివెయిరా, పిన్హో ఇచ్చిన క్యుబిస్టా స్కీము వాడుకలో ఉన్నాయి.

ఇన్ని చేసినా వైసెన్‌బర్గ్ పెంచుతూ పోతే లెక్క ఒకచోట పేలిపోతుంది. 1970ల నుంచి పరిశోధకులను వేధించిన అధిక వైసెన్‌బర్గ్ సంఖ్య సమస్య ఇదే. దీని మూలాన్ని ఫట్టాల్, కుప్‌ఫర్‌మన్ 2004లో తేటగా చూపించారు. సాగుడు ఎక్కువున్న చోట స్ట్రెస్ ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. దాన్ని పాలినామియల్ ముక్కలతో పట్టుకోబోతే పెరుగుదలకూ దాన్ని మోసుకుపోయే ప్రవాహానికీ తూకం తప్పుతుంది. వాళ్ల పరిష్కారం: గొలుసుల సాగుడును చెప్పే కన్ఫర్మేషన్ టెన్సర్‌కు బదులు దాని లాగరిథమ్‌ను అజ్ఞాతంగా తీసుకోవడం. ఎక్స్‌పొనెన్షియల్ సరళరేఖగా మారుతుంది. అసలు టెన్సర్ ఐగెన్ విలువలు ఎప్పుడూ ధనాత్మకంగానే ఉండాలన్న భౌతిక నియమం కూడా దానంతటదే నెరవేరుతుంది. ఈరోజు కొత్తగా మొదలుపెట్టేవారు లాగ్–కన్ఫర్మేషన్ లేని సాల్వర్‌తో కుస్తీ పట్టాల్సిన పని లేదు. ఒక్క హెచ్చరిక: ఇది లెక్కను పేలిపోకుండా ఆపుతుంది గానీ, జవాబు సరైనదని హామీ ఇవ్వదు. చాలని మెష్ మీద కూడా చక్కగా నడిచి తప్పు జవాబు ఇస్తుంది.

స్థిర జవాబు కావాలన్నా కాలంతో నడిపించడమే మేలు. ప్రవాహాన్ని ఒక్కసారిగా కాక, పొడవైన రిలాక్సేషన్ సమయానికి ఒకటి రెండు రెట్ల వ్యవధిలో పెంచండి. ఆ తర్వాత మరో ఐదు పది రెట్ల కాలం నడిపితే గానీ స్థిరపడిందని చెప్పలేం.

సొంత సమస్య మీదికి పోయేముందు ఒక ప్రామాణిక పరీక్ష నెగ్గండి. ఛానెల్ ఎత్తులో సగం వ్యాసం ఉన్న సిలిండర్‌ను మధ్యలో పెట్టి, సాల్వెంట్ వాటా 0.59తో ఓల్డ్‌రాయిడ్–బి ద్రవాన్ని జడత్వం లేకుండా పంపితే, ప్రమాణాల్లేని (డైమెన్షన్‌లెస్) డ్రాగ్ న్యూటోనియన్‌కు 132.36, వైసెన్‌బర్గ్ 0.5 దగ్గర 118.8, 0.7 దగ్గర 117.3 రావాలి. ఇక్కడ వైసెన్‌బర్గ్‌ను సగటు వేగం, సిలిండర్ వ్యాసార్ధాలతో కడతారు. 0.7 చుట్టుపక్కల నుంచి సిలిండర్ వెనుక స్ట్రెస్ మెష్‌తో పాటు మారుతూనే ఉంటుంది, డ్రాగ్ మాత్రం చక్కగా కుదిరినట్టు కనిపిస్తుంది. ఒక్క సంఖ్య కుదిరిందని మొత్తం కుదిరిందనుకోకూడదని ఈ పరీక్షే నేర్పుతుంది.

10. ఫ్రీ సర్ఫేస్

డై ఉబ్బుకు మెష్‌నే సర్ఫేస్‌తో పాటు కదిలించే పద్ధతి శుభ్రమైనది. సర్ఫేస్ మీద వేగం సర్ఫేస్‌కు సమాంతరంగా ఉండాలన్న షరతుతో ఆకారాన్ని దిద్దుకుంటూ పోవాలి. మొదట న్యూటోనియన్ ద్రవంతో నడపండి. జడత్వం, ఉపరితల తన్యత లేకుండా గుండ్రటి డైకి ఉబ్బు 13 శాతం, చదునైన చీలికకు 19 శాతం దగ్గర రావాలి. డై అంచు దగ్గర మెష్ చాలకపోతే ఈ సంఖ్యలు పైకి పోతాయి. ఇవి సరిపోయాకే విస్కోఎలాస్టిక్ వైపు కదలండి.

మౌల్డ్ నింపడానికి సర్ఫేస్ చీలుతుంది, కలుస్తుంది కాబట్టి వాల్యూమ్ ఆఫ్ ఫ్లూయిడ్ లేదా లెవెల్ సెట్ కావాలి. మొదటిదాంట్లో ద్రవ్యరాశి నిలుస్తుంది, రెండోదాంట్లో సర్ఫేస్ నునుపుగా వస్తుంది గానీ ద్రవ్యరాశి మెల్లగా కారిపోతుంది. నిండిన ఘనపరిమాణాన్ని ప్రవాహం, కాలాల లబ్ధంతో ప్రతి అడుగులోనూ పోల్చి చూడండి. గాలి స్నిగ్ధత మెల్ట్ కన్నా కోట్ల రెట్లు తక్కువ. అంత తేడాతో లీనియర్ సాల్వర్ మూలుగుతుంది కాబట్టి గాలికి కృత్రిమంగా ఎక్కువ స్నిగ్ధత ఇవ్వడం వాడుక. పీడనం మారనంతవరకు అది తప్పు కాదు.

11. నమ్మే ముందు

మూడు మెష్‌లు, ప్రతిసారీ సెల్ సైజు సగం. పీడన నష్టం, బయటికొచ్చే ఉష్ణోగ్రత, ఉబ్బు నిష్పత్తి, సుడి పొడవు లాంటివి ఆ మూడింట్లో ఎలా కదులుతున్నాయో పట్టికగా రాయండి. మొదటి రెండింటి తేడాకు రెండో మూడో మెష్‌ల తేడా నాలుగో వంతుకు దగ్గరగా ఉంటే రెండో స్థాయి పద్ధతి తన పని తాను చేస్తోందని అర్థం. తేడా తగ్గకపోతే మూలలోని సింగ్యులారిటీయో, చాలని గోడ పొరో కారణం.

ప్రయోగంతో పోల్చేటప్పుడు పీడనంతో మొదలుపెట్టండి. కొలవడం సులువు, స్నిగ్ధత డేటాలోని తప్పులు అక్కడే బయటపడతాయి. ఒక్క ప్రవాహం దగ్గర కుదిరితే చాలదు, మూడు నాలుగు ప్రవాహాల దగ్గర చూడండి. లెక్క అన్నిచోట్లా ఒకే శాతం ఎక్కువ చూపిస్తే కన్సిస్టెన్సీనో ఉష్ణోగ్రతనో అనుమానించండి. ప్రవాహం పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంటే జారుడు, లెక్కలోకి రాని తాపనం, కొలత పరిధి దాటిన ఫిట్, ఈ వరుసలో వెతకండి. పొట్టి డైలో తక్కువ చూపించి పొడవాటి డైలో సరిపోతే సాగుడు నిరోధకత తప్పిపోయినట్టు, అంటే తొమ్మిదో మెట్టు దిగక తప్పదు.